చెస్ట్ నంబరు 27

"ఇది ఎవరిదమ్మా?" అన్నారాయన, గుడ్డముక్కని ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకుని.

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నేను బాబాయిగారూ అంటాను. ఆయన ముందు గదిలో కుర్చీలు తక్కువ, క్రికెట్ ఎక్కువ. సంతకాలున్న చిట్టి బ్యాట్లు, స్కోరు కార్డులు, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత స్పోర్ట్‌స్టార్‌లు, చిరిగిన టికెట్లు. నేను తీసుకెళ్లింది జానెడు వెడల్పున్న తెల్లగుడ్డ. మధ్యలో నల్లరంగుతో 27. నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చిన చోట తుప్పు మరకలు. పాత గుడ్డని పాడవకుండా ఎలా దాచాలో ఆయనకి తెలుస్తుందని వెళ్లాను.

చెప్పాను. రాష్ట్ర జూనియర్ మీట్, 1986, నాలుగు వందల మీటర్ల పరుగు. మా స్కూల్లో నా సీనియర్. ఇరవయ్యేళ్లకే పోయింది.

"ఓ... పర్సనల్ అన్నమాట" అని దాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, చెమ్మ పడుతుంది, ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి అని సలహా కూడా చెప్పారు. చాలా మర్యాదస్తుడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట మీదే ఉంది.

ఎందుకంటే ఆయన గోడ మీద, గాజు పలక వెనక, ఉప్పల్ స్టేడియం టికెట్టు ఒకటుంది. 2013 మార్చిలో అక్కడ ఇండియా, ఆస్ట్రేలియా టెస్ట్ జరిగింది. పుజారా డబుల్ సెంచరీ కొట్టాడు, మనవాళ్లు ఇన్నింగ్స్ తేడాతో గెలిచారు. ఓడిన జట్టులో ఒక ఎడమచేతి వాటం కుర్రాడున్నాడు, ఫిలిప్ హ్యూస్. బాబాయిగారు అతని సంతకం ఆ టికెట్టు వెనక పెట్టించుకున్నారు. ఇరవై నెలలు అది మిగతా టికెట్లతో పాటు బిస్కెట్ల డబ్బాలో పడి ఉంది. 2014 నవంబర్ 25న సిడ్నీలో, 63 పరుగుల మీద ఉండగా, బౌన్సరు మెడకి తగిలి హ్యూస్ కుప్పకూలిపోయాడు. రెండు రోజులకి చనిపోయాడు. మరో మూడు రోజులుంటే అతనికి 26 నిండేవి. టికెట్టు డబ్బాలోంచి గోడ మీదికి వచ్చింది. బొంబాయి నుంచి ఒకాయన ఫోన్ చేసి రేటు అడిగాడట. "అమ్మనని చెప్పానమ్మా. ఇంకొకటి రాదు కదా" అన్నారు బాబాయిగారు.

ఇంకొకటి రాదు. సేకరణ అనే వ్యాపారమంతా ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. మనిషి బతికున్నంత కాలం రేపు ఇంకో సంతకం పెడతాడు, ఇంకో చొక్కా వేస్తాడు, వస్తువుకి వెల పెరగదు. పోయిన రోజున సరఫరా ఆగిపోతుంది, గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది. కుర్రవాడు పోతే మరీను. అతను ఆడబోయే ఆటంతా, కొట్టని సెంచరీలన్నీ ఆ కాగితం ముక్కలోకి వచ్చి కూర్చుంటాయి. కొన్నాళ్లకి రేట్లు దిగుతాయని, ఏడుపులో కొన్నవాళ్లు నష్టపోతారని ఆయనే చెప్పారు. ఆయనకి ఇది తెలుసు, అయినా ఆ టికెట్టు చూసినప్పుడల్లా కళ్లు చెమరుస్తాయి. రెండూ నిజమే. అభిమానిని, వ్యాపారిని ఒకే మనిషిలో చూడడం నాకేమీ వింత కాదు.

నేనూ ఏడ్చాను ఆ వారం. సిడ్నీలో ఎవరో ఇంటి ముందు బ్యాట్ ఆనించి ఫోటో పెడితే ప్రపంచమంతా గుమ్మాల ముందు బ్యాట్లు నిలబెట్టారు. మా సందులో ఆడే పిల్లలు కూడా, టేపు చుట్టిన టెన్నిస్ బంతి బ్యాట్లు నాలుగు, గోడకి ఆనించి పైన టోపీలు పెట్టారు. స్కోరు బుక్కులో "గాయపడి విరమణ" అని ఉన్నదాన్ని "63 నాటౌట్" అని మార్చారు. వన్డేల్లో అతని 64 నంబరు చొక్కా ఇంకెవరూ వేసుకోకుండా ఆస్ట్రేలియా బోర్డు పక్కన పెట్టింది. అడిలైడ్ టెస్ట్‌లో మైదానం గడ్డి మీద అతని టెస్ట్ నంబరు 408 రాశారు. ఇక్కడ మన దేశంలోనూ అంతే. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో, డెంపో తరఫున రెండు గోల్స్ కొట్టి, గోల్‌కీపర్ని ఢీకొని పడి చనిపోయిన బ్రెజిల్ కుర్రాడు క్రిస్టియానో జూనియర్ కోసం ఆ క్లబ్బు పదో నంబరు చొక్కాని పక్కన పెట్టేసింది.

ఇవన్నీ అందమైన పనులే. ఎగతాళి చెయ్యను. కానీ ఆ రోజు గుడ్డముక్క సంచీలో పెట్టుకుంటూ బాబాయిగార్ని అడిగాను, మీ దగ్గర ఆడవాళ్లవి ఏమైనా ఉన్నాయా అని. వెతికారు పాపం. సింధు సంతకం ఒకటి, మిథాలీ ఫోటో ఒకటి. మిథాలీ మన సికింద్రాబాద్ పిల్ల, 2002లో టాంటన్‌లో 214 కొట్టింది, అప్పటికి అది మహిళల టెస్ట్ క్రికెట్లో ప్రపంచ రికార్డు, ఆ మ్యాచ్ టికెట్టో స్కోరు కార్డో లేదా అన్నాను. "అప్పట్లో ఎవరు చూశారమ్మా" అన్నారు. పోయినవాళ్లవి ఏమైనా ఉన్నాయా అని అడిగితే కాసేపు ఆలోచించారు. "ఆడపిల్లల్లో అలా ఎవరూ పోలేదేమో" అన్నారు.

పోలేదా?

2022 నవంబర్ 15న చెన్నైలో ప్రియ చనిపోయింది. పదిహేడేళ్లు, ఫుట్‌బాల్ ప్లేయర్, కాలేజీలో మొదటి సంవత్సరం. మోకాలి లిగమెంటుకి ఆపరేషన్ చేశాక కట్టిన కట్టు బిగుసుకుని రక్తం ఆడలేదు. కాలు తీసేశారు, అయినా బతకలేదు. ప్రభుత్వం పది లక్షలిచ్చింది, అన్నదమ్ముల్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చింది. ఆ కుటుంబానికి అది అవసరం, కాదనను. కానీ చూడండి, కుర్రవాడు పోతే మిగిలేది నంబరు, అమ్మాయి పోతే మిగిలేది నష్టపరిహారం. ఆ పిల్ల ఎడమ వైపు ఆడేదా కుడి వైపు ఆడేదా, ఎన్ని గోల్స్ కొట్టింది, చొక్కా మీద నంబరెంత, ఏ పేపరూ నాకు చెప్పలేదు. ఏ కాలు తీసేశారో మాత్రం అన్ని పేపర్లూ చెప్పాయి.

2021 అక్టోబర్ 13న కెన్యాలోని ఇటెన్‌లో ఆగ్నెస్ టిరోప్‌ని ఆమె ఇంట్లోనే పొడిచి చంపారు. నెల క్రితమే జర్మనీలో, ఆడవాళ్లు మాత్రమే పరిగెత్తే పది కిలోమీటర్ల రోడ్డు పరుగులో 30 నిమిషాల ఒక సెకనుతో ప్రపంచ రికార్డు పెట్టింది. పాతికేళ్లు. నిందితుడు భర్త. 2024 సెప్టెంబర్‌లో రెబెక్కా చెప్తెగేయిని ఆమెతో కలిసి బతికిన మగవాడు పెట్రోలు పోసి తగలబెట్టాడు. పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో పరిగెత్తి నెల కూడా కాలేదు. టిరోప్ పోయాక ఆమె తోటి పరుగు అమ్మాయిలు చేసిన పని నన్ను కదిలించింది. చొక్కాలు దాచుకోలేదు, టిరోప్స్ ఏంజెల్స్ అని ఒక సంస్థ పెట్టి, దెబ్బలు తింటున్న ఆడపిల్లల కోసం పని మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర స్మారక చిహ్నం అంటే అదీ.

మన దగ్గరికి వద్దాం. 2025 జులై 10న గురుగ్రామ్‌లో టెన్నిస్ ప్లేయర్ రాధికా యాదవ్‌ని ఇంట్లో కాల్చి చంపారు. తండ్రే చంపాడన్నది కేసు. కూతురి సంపాదన మీద బతుకుతున్నావని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేశారని ఆయన చెప్పినట్టు పోలీసులు అన్నారు. ఆ సాయంత్రం నుంచే అభిమానులు కాని అభిమానులు బయల్దేరారు. రాధిక రాకెట్ ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. ఆమె నటించిన పాట వీడియో వెతికారు. ఇన్‌స్టా ఖాతా వెతికారు. పక్కన ఉన్న అబ్బాయి మతం వెతికారు. ఫోటోలు కత్తిరించి, ఎర్ర గుండ్రాలు గీసి, గ్రూపుల్లో పంచారు. మా కాలేజీ స్టాఫ్ గ్రూపులోకి కూడా వచ్చాయి. పంపినావిడ ఎం.ఏ. బంగారు పతకం.

ఇది కూడా సేకరణే. నా కోపం అంతా ఇక్కడుంది. చనిపోయిన క్రీడాకారుడి వస్తువు జ్ఞాపకం అవుతుంది, చనిపోయిన క్రీడాకారిణి వస్తువు సాక్ష్యం అవుతుంది. మొదటిదాన్ని గాజు పలక వెనక పెడతారు, రెండోదాన్ని బోనులో పెడతారు. ఆమె ఎలా ఆడిందో కాదు, ఎలా ఉండేదో తేల్చడానికి. తెలుగువాళ్లకి ఈ అలవాటు సినిమా నేర్పింది. 1993 ఏప్రిల్‌లో దివ్యభారతి పోయినప్పుడు నేను పీజీ చదువుతున్నాను. ఆమెకి 19. కోఠీలో ఆమె పోస్టర్లు అయిపోయాయని మా హాస్టల్ పిల్లలు వాపోయారు. అదే రాత్రి మెస్సులో అదే పిల్లలు, నేనూ, ఆమె తాగి పడిందా, ఎవరైనా తోశారా, ఎవరితో ఉంది అని గంటలు గంటలు మాట్లాడుకున్నాం. పోస్టరూ, పుకారూ రెండూ పక్కపక్కన దాచుకున్నాం. మగనటుడు పోతే గుళ్లూ విగ్రహాలూ కట్టే చోట ఆడనటి పోతే పోస్టుమార్టం చేస్తాం. ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1998లో 38 ఏళ్లకి నిద్రలో మూర్ఛ వచ్చి పోతే, ఒక్క పరీక్షలోనూ పట్టుబడని ఆమె గురించి మళ్లీ డ్రగ్సు మాటలే మొదలయ్యాయి. ఆమె వంద మీటర్ల 10.49ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

ఇప్పుడు ఆ గుడ్డ కథ చెప్పాలి. పేరు రాయను, వాళ్లింట్లో వాళ్లు ఉన్నారు. నేను అక్కా అనేదాన్ని. అక్క అనే రాస్తాను.

వాళ్లది చిలకలగూడ రైల్వే క్వార్టర్స్. నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టర్. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న పేపరు ఫోటో మా స్కూల్లో ప్రతి డెస్కు లోపలా అతికించి ఉండేది. అక్క ఆ ఏడాదే పరుగు మొదలుపెట్టింది. తెల్లవారుజామున ఐదింటికి పరేడ్ గ్రౌండ్స్‌కి, తోడుగా నేను. నాకు పరుగు రాదు. నా పని ఆమె చెప్పులూ స్వెట్టరూ పట్టుకోవడం, మా నాన్న చేతి వాచీ చూసి టైము చెప్పడం, అది నోటుబుక్కులో రాయడం. అభిమాని అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నాకు ఈ మూడే గుర్తొస్తాయి. పంజాబీ డ్రెస్ మీద వెళ్లేది, గ్రౌండ్‌లోకి వచ్చాక చెట్టు చాటున విప్పేసేది, లోపల నిక్కరు. అటూ ఇటూ చూసేదాన్ని నేను. చూపుల కాపలా కూడా నా పనే.

1986లో లాల్ బహదూర్ స్టేడియంలో రాష్ట్ర జూనియర్ మీట్. నాలుగు వందల మీటర్లు, 60.4 సెకన్లు, రెండో స్థానం. గీత దాటాక పది నిమిషాలు గడ్డి మీద పడుకుని ఉంది. లేచి, చెస్ట్ నంబరు పిన్నీసులతో సహా లాగి నా ఒళ్లోకి విసిరింది. "దాచిపెట్టవే." ఆ నంబర్లు నిర్వాహకులకి తిరిగిచ్చెయ్యాలి. ఇవ్వలేదు. నా జీవితంలో నేను చేసిన మొదటి దొంగతనం అది.

స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని అందరూ అనుకున్నాం. వచ్చేలోపే సంబంధం వచ్చింది. 1988లో పెళ్లి, కాజీపేట. ఉద్యోగం వస్తే మాత్రం జీతం ఎవరికి అన్నారట వాళ్ల నాన్న. మరుసటి ఏడాది ఎనిమిదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. కాళ్లు పొంగి ఉన్నాయి, చెప్పులు పట్టలేదు. తలనొప్పి అంది, కళ్లు మసకలంది. నీరు పట్టడం మామూలే అన్నారు పెద్దవాళ్లు. తీసుకెళ్లిన ఆస్పత్రిలో బీపీ చూసినవాళ్లు లేరు. రాత్రికి ఫిట్స్ వచ్చాయి. గుర్రపువాతం అన్నారు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. వేగంగా పరిగెత్తే మనిషికి ఆ జబ్బు పేరు వినడం నాకు అప్పుడు ఎలా అనిపించిందో ఇప్పటికీ రాయలేను.

2023 మేలో టోరీ బోవీ వార్త చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. రియోలో మూడు పతకాలు, 2017లో వంద మీటర్ల ప్రపంచ ఛాంపియన్. 32 ఏళ్లు. ఎనిమిదో నెల. ఫ్లోరిడాలో తన ఇంట్లో ఒంటరిగా, నొప్పులు మొదలయ్యాక, చనిపోయి కనిపించింది. పోస్టుమార్టం రిపోర్టు చెప్పిన కారణాల్లో ఎక్లాంప్సియా ఒకటి. మన గుర్రపువాతమే. రియోలో ఆమెతో రిలే బంగారు పతకం గెలిచిన ముగ్గురిలో ఇద్దరు, ఆలిసన్ ఫీలిక్స్, టియానా బార్టొలెట్టా, వాళ్లూ కాన్పుల్లో ప్రమాదం దాకా వెళ్లి వచ్చినవాళ్లే. నలుగురు నల్లజాతి స్త్రీలు, ప్రపంచంలోకెల్లా వేగంగా బ్యాటన్ అందించుకున్నవాళ్లు, అందులో ముగ్గురిది ఈ కథ. చిలకలగూడ ఎక్కడ, ఫ్లోరిడా ఎక్కడ! బీపీ చూడడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

అక్క శవాన్ని క్వార్టర్స్‌కి తెచ్చారు. పసుపు రాశారు, రూపాయి కాసంత కుంకుమ పెట్టారు, పెళ్లి చీర కట్టారు, గాజులు వేశారు, తలనిండా పూలు పెట్టారు. పుణ్యస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. చుట్టుపక్కల ముత్తయిదువలు వరసగా వచ్చి ఆ కుంకుమ వేలితో తీసి తమ నుదుట అద్దుకున్నారు. కొందరు పొట్లం కట్టుకుని తీసుకెళ్లారు. మా అమ్మ కూడా.

మనకి స్మారక వస్తువులు లేవని ఎవరన్నారు? ఉన్నాయి. చనిపోయిన అమ్మాయి నుంచి ఏదో ఒకటి తీసుకెళ్లి దాచుకునే ఆచారం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. కాకపోతే ఏది తీసుకోవాలో ముందే తీర్మానమైపోయి ఉంది. భార్యని దాచుకుంటాం. 60.4 సెకన్లని కబాడీవాడికి వేస్తాం. ఇది మాట వరసకి అనడం లేదు. ఇత్తడి కప్పులు రెండు, చెక్క షీల్డు ఒకటి, క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు తూకానికి వేశారు. స్పైక్స్ ఎవరో పట్టుకెళ్లారు. సర్టిఫికెట్లు చెదలు తిన్నాయి. గోడకి దండ వేసిన ఫోటో పెళ్లి ఫోటో. భర్త ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు కాబట్టి అతన్ని కత్తిరించారు, అతని కోటు భుజం మాత్రం అక్క పక్కన ఇంకా ఉంది. నిక్కరుతో ఉన్న ఫోటోలు ఏమయ్యాయని ఒకసారి అడిగాను. "అవి పెట్టుకుంటరా బిడ్డా గోడకు" అంది వాళ్లమ్మ.

జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లినప్పుడు పాత ఇత్తడి కుప్పల్లో కప్పులు కనిపిస్తే ఇప్పటికీ వంగి చూస్తాను. అరిగిపోయిన అక్షరాలు చదువుతాను. అక్కవి దొరుకుతాయని కాదు. వాటిలో ఎన్ని ఆడపిల్లలవో అని.

మీరు అడగబోయేది నాకు తెలుసు. పోయిన అమ్మాయి చొక్కాని కూడా వేలం వెయ్యడమా సమానత్వం? మార్కెట్ మగవాళ్ల చావుని సరుకు చేసింది, ఆడవాళ్ల చావునీ చెయ్యమంటావా? ఈ వ్యాసం గురించి చెప్పినప్పుడు నా స్నేహితురాలు ఒకామె, మనందరికీ తెలిసిన విమర్శకురాలు, సరిగ్గా ఇదే అంది. బతికున్న ఆడవాళ్ల విషయంలో మార్కెట్ ఇప్పటికే వచ్చేసింది. 2021లో ప్రధానికి అందిన కానుకల ఈ-వేలంలో నీరజ్ చోప్రా ఈటె కోటిన్నరకి పోయింది, అదే వేలంలో సింధు రాకెట్, లవ్లీనా గ్లవ్స్ ఉన్నాయి. నేను అడిగేది రేటు కాదు. హ్యూస్ విషయంలో నన్ను ఏడిపించింది టికెట్టు కాదు, "63 నాటౌట్". ఆ రోజు అతను చేసిన పని ఎంతో, ఒక స్కోరరు కూర్చుని, దిద్ది, రాసి పెట్టాడు. చావు కన్నా ముందు అతను చేస్తున్న పని ఏదో అది చెరగలేదు. ఒక ఆడపిల్ల పోయినప్పుడు ఆ గీత ఎవరు రాస్తున్నారు?

మనం రాశామా? 1986లో, అక్క పరిగెత్తిన ఏడాదే, స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణ పోరాటంలో ఆడవాళ్ల గొంతులు టేపు మీదకెక్కించి, పోనివ్వకుండా పట్టుకున్న పుస్తకం. ఆ పుస్తకం లేకపోతే నేను ఇవాళ ఇలా ఆలోచించేదాన్ని కాదు. కానీ ఆ తర్వాత మనం ఎవరిని వెతికాం? రచయిత్రులని, సంస్కర్తలని, ఉద్యమకారిణులని. పెట్టెల్లో ఉత్తరాలు దొరికితే, డైరీ దొరికితే కళ్లకద్దుకున్నాం. ఖోఖో ఆడిన అమ్మాయి పెట్టెలో బూట్లు దొరికితే ఏం చేసేవాళ్లం? నేను శరీరం గురించి ఇరవయ్యేళ్లు కవిత్వం రాశాను. నెలసరి రాశాను, కాన్పు రాశాను, అత్యాచారం రాశాను. నొప్పి పడే శరీరం అన్ని కవితల్లోనూ ఉంది. పరిగెత్తే శరీరం ఒక్కదానిలోనూ లేదు. రోజూ తెల్లవారుజామున కళ్లారా చూసిన దాన్నే, నేను! ఆటలు మగవాళ్ల గోల అని సెమినార్ల టీ విరామాల్లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు బాబాయిగారు పర్సనల్ అన్నందుకు నేనెందుకు ఉలిక్కిపడాలి? ముప్పై తొమ్మిదేళ్లు దాన్ని పర్సనల్‌గా బీరువాలో చీరల కింద దాచింది ఎవరు? వ్యక్తిగతమే రాజకీయం అని బ్లాక్‌బోర్డు మీద రాసి పాఠం చెప్పిన మనిషిని.

సేకరించేవాడికి ఒక జబ్బు ఉంటుంది, తన దగ్గర ఉంటేనే క్షేమం అనుకుంటాడు. నాకూ అదే. వాళ్లమ్మకి చెప్పలేదు, నా దగ్గర ఇది ఉందని. అడిగితే ఇవ్వాల్సి వస్తుందని, ఇస్తే అదీ తూకానికి పోతుందని.

2025 నవంబర్‌లో మన అమ్మాయిలు నవీ ముంబైలో ప్రపంచ కప్పు గెలిచాక, మా సందులో పిల్లలు ఆడవాళ్ల పేర్లున్న నీలం చొక్కాలు వేసుకున్నారు, ఇద్దరు మగపిల్లలు కూడా. కడప అమ్మాయి శ్రీచరణి పేరు వెనక రాసుకున్న ఒక పిల్ల సంగతి మా పనమ్మాయి చెప్పింది. ఆ వారంలోనే అక్క వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లమ్మాయి ఇంటర్, నాలుగు వందల మీటర్లు పరిగెడుతుంది. "మా మేనత్త కూడా ఉరికేదట కదా, ఏమన్న ఉన్నయా అని అడుగుతుందక్కా. మా దగ్గర ఒక్కటి లేదు."

బాబాయిగారి దగ్గరికి నేను వెళ్లింది అందుకే. ఇచ్చేముందు బాగుచేద్దామని.

మెట్టుగూడలో రెండు గదుల ఇల్లు. అక్క వాళ్లమ్మకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది. నూలుగుడ్డ విప్పి చేతిలో పెట్టాను. చాలాసేపు వేళ్లతో తడిమింది. నన్ను తిడుతుందనుకున్నాను. మూలలు తడిమి, "పిన్నీసులేవి?" అంది. తుప్పు పట్టాయి, పారేశాను అని చెప్పాను. "అవి నా చీర పిన్నీసులే. నేనే ఇచ్చిన పొద్దున" అంది.

నోటుబుక్కు తెరిచి పిల్లకి చూపించాను. అట్టలు ఊడిపోయాయి. పరేడ్ గ్రౌండ్స్‌లో వేసుకున్న టైములన్నీ తేదీలతో ఉన్నాయి, నా గుండ్రటి చిన్నప్పటి రాతలో. చివరి పేజీలో స్టేడియంది.

"60.4... చేతి వాచీతో తీసిందా అత్తా, ఎలక్ట్రానిక్‌దా?"

"చేత్తో తీసిందే. నిర్వాహకుల స్టాప్‌వాచీ."

"అట్లయితే పాయింట్ ఒకటి నాలుగు కలపాలె." ఫోన్ తీసి ఏదో నొక్కుకుంది. తన టైముల జాబితా కింద 60.54 అని చేర్చి, పక్కన మేనత్త పేరు, 1986 అని కొట్టింది.

ముసలమ్మ గుడ్డ ఒళ్లో పెట్టుకుని ఇద్దరి మాటలూ వింటోంది. మనవరాలి మోచెయ్యి పట్టుకుని అడిగింది.

"గది తక్కువుంటె మంచిదా బిడ్డా, ఎక్కువుంటె మంచిదా?"